ఒక గంప ఆసామికి, ఒక గంప ఆవిడకి

మీ ఇంటికి గ్యాసు పొయ్యి వచ్చిన మర్నాటి నుంచి, అంతవరకూ మీకు పిడకలు తెచ్చిపెట్టిన ఆడమనిషి ఏం చేసుకుని బతికిందో మీరు ఎప్పుడైనా కనుక్కున్నారా?

మొహం తిప్పుకోకండి. నేనూ కనుక్కోలేదు. కనుక్కోకుండానే ఆ గ్యాసు గురించి ముప్పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. అదీ ఒక్కసారి కాదు, వినేవాడు దొరికిన ప్రతిసారీ.

ఎనభైల మొదట్లో నేను ఆగిరిపల్లికీ నూజివీడుకీ మధ్య ఒక ఊళ్ళో హైస్కూలు సైన్సు మాస్టారిని. పగలు పిల్లలకి ఆక్సిజను తయారీ చెప్పేవాణ్ణి, సాయంత్రం పెద్దలకి దెయ్యాలు లేవని చెప్పేవాణ్ణి. పిల్లలకి ఆక్సిజను మీద, పెద్దలకి నా మీద ఒకే పాటి నమ్మకం ఉండేది. నేను మాత్రం తగ్గలేదు. చిన్నతనం నుంచీ సంస్కరణ సభల్లో చాపలు పరిచి, చాపలు ఎత్తి పెరిగినవాణ్ణి. ఎదుటివాడు "కాదు" అంటే చాలు, నాకు పండగ. ఒప్పుకున్నాడంటే ఆ రాత్రి అన్నం సయించేది కాదు.

ఆ రోజుల్లోనే ప్రభుత్వం గోబర్ గ్యాసు ప్లాంట్లకి సబ్సిడీ ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి చెబుతాను. పశువుల పేడని నీళ్ళలో చిక్కగా కలిపి బావిలాంటి గొయ్యిలో పోస్తారు. అది లోపల పులిసి గ్యాసు పుడుతుంది. గొయ్యి మీద బోర్లించిన పెద్ద ఇనప డ్రమ్ము ఆ గ్యాసుకి మెల్లగా పైకి లేస్తుంది. అక్కణ్ణుంచి గొట్టం వంటింటికి. గ్యాసు పోగా మిగిలిన మడ్డి మామిడి చెట్లకి ఎరువు. కట్టెలు అక్కర్లేదు, పొగ లేదు. ఇప్పటివాళ్ళు దీన్ని కర్బన ఉద్గారాలు తగ్గించడం అంటున్నారు. మేం పొగ తగ్గించడం అనేవాళ్ళం.

మా ఊళ్ళో మొదటి ప్లాంటు ఊరికంతటికీ పెద్ద తోటల ఆసామి ఇంట్లో కట్టాలని తీర్మానమైంది. ఆయనకి రసాల తోట, బంగినపల్లి తోట, కొట్టం నిండా పశువులు. ఆయన భార్యకి కట్టెల పొయ్యి వల్ల ఏడాది పొడుగునా దగ్గు. ప్రచారం బాధ్యత నేను నెత్తిన వేసుకున్నాను. ఎవరూ వెయ్యలేదు.

ముందుగా మతం అడ్డొస్తుందని నాకు గట్టి అనుమానం. పేడ గొయ్యిలోంచి వచ్చిన నిప్పుతో దేవుడికి నైవేద్యం వండొచ్చునా అని పూజారిగారు అడ్డం తిరుగుతారు. నేను చీల్చి చెండాడతాను. అందుకని రెండు రాత్రులు కూర్చుని సమాధానం రాసుకున్నాను. సభ రోజు పూజారిగారు ముందు వరసలోనే కూర్చున్నారు. నేను ఆయన్నే చూస్తూ, ఆయన అనబోయే మాటలన్నీ నేనే అని, వాటన్నిటికీ నేనే జవాబులిచ్చాను. ఆయన ఆసాంతం విన్నారు. చివర్న లేచి, "సబ్సిడీ ఫారాలు మీ దగ్గరే ఉన్నాయా మాస్టారూ? మా ఇంట్లో ఆవిడ పొయ్యి ఊదలేక చస్తోంది" అన్నారు.

పక్కనే చర్చి పాస్టరుగారు ఉన్నారు. ఆయన వైపు ఆశగా చూశాను. ఆయన తనకున్న రెండు ఆవుల పేడ సరిపోతుందా అని అడిగారు.

ఒక్క సాయంత్రంలో ఇద్దరు ప్రత్యర్థుల్ని పోగొట్టుకుని ఇంటికొచ్చాను.

మిగిలింది గోడ మీద నినాదం. ఆసామి కొట్టం గోడ ఒకటి రోడ్డు వైపుకి, తూర్పు ముఖంగా ఉండేది. దాని మీద అప్పటికే వరసలు వరసలుగా పిడకలు కొట్టి ఉన్నాయి. వాటిని ఊడబీకించి పక్కన పడేయించి, గోడకి సున్నం వేయించి, ఎర్రటి కావితో స్వహస్తాలతో రాశాను: 'పొగకు సెలవు - పేడకు విలువ'. దాని కింద ఒక పెద్ద వలయం గీశాను. ఆవు, ఆవు నుంచి బాణం గుర్తు గొయ్యికి, గొయ్యి నుంచి ఒక బాణం వంటింటి పొయ్యికి, ఇంకొకటి మామిడిచెట్టుకి, అక్కణ్ణుంచి మళ్ళీ ఆవుకి. మామిడిచెట్టు నుంచి ఆవుకి ఏం వెళుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. వలయం పూర్తికావాలి కదా అని గీశాను.

మర్నాడు పొద్దున బడికి వెళుతూ చూస్తే నా నినాదం లేదు. దాని మీద తాజా పిడకలు. 'సెలవు' అన్న మాట ఒక్కటే బయటికి కనిపిస్తోంది.

కోపం రావాల్సింది. నిజం చెబుతున్నాను, సంతోషం వేసింది. ఊళ్ళో ఎవరో నన్ను వ్యతిరేకిస్తున్నారు. మళ్ళీ పిడకలు తీయించి, మళ్ళీ సున్నం వేయించి, ఈసారి అక్షరాలు ఇంకా పెద్దవిగా రాశాను. మర్నాడు మళ్ళీ పిడకలు. దీని వెనక ఏదో మూఢనమ్మకం ఉందనీ, దాన్ని నడిపే మనిషి ఒకడు ఉన్నాడనీ నాకు రూఢి అయిపోయింది. ఎవరికీ చెప్పకుండా మూడోనాడు తెల్లవారుతూండగా గోడకి ఎదురుగా ఉన్న మామిడిచెట్టు చాటున నిలబడ్డాను. మామిడి పూత మీద మంచు పడే కాలం. పూతలోంచి మంచు చుక్కలు చుక్కలుగా నా బట్టతల మీద పడుతున్నాయి. హేతువాదానికి ఎన్ని కష్టాలు వస్తాయో మీకు తెలియదు.

ఎండ గోడ మీదికి వచ్చేసరికి నెత్తిన గంపతో ఒక ఆడమనిషి వచ్చింది. వయసు యాభైకి దగ్గర. ఊరి చివర చర్చి పేటలో ఉండేది. కోత రోజుల్లో మామిడికాయలు ఏరి గడ్డి పరిచిన బుట్టల్లో సర్దే పని, మిగతా ఏడాదంతా ఆసామి కొట్టం ఊడ్చి పిడకలు కొట్టుకునే పని. గంప దింపి, ఇంత పేడ ముద్ద తీసి, చప్పున 'విలువ' మీద కొట్టింది.

నేను చెట్టు చాటునుంచి బయటికొచ్చి, మీచేత ఈ పని ఎవరు చేయిస్తున్నారని అడిగాను.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, నేను 'మీరు' అన్నది ఎవర్నోననుకుని. ఎవరూ లేకపోవడంతో, "ఎవరు చేయిస్తారండీ, నేనే చేసుకుంటన్నా" అంది.

"ఈ గోడే ఎందుకు ఎంచుకున్నారు?"

"పొద్దున్నే ఎండ దీనికే పడద్దండీ. ఆ పక్క గోడకి మధ్యాన్నం దాకా రాదు." కాస్త ఆగి, నన్ను సంతోషపెట్టడానికి కాబోలు, "మీరు రాసినకాణ్ణుంచీ గోడకి మంచి గరుకొచ్చిందండీ. పిడక జారట్లేదు" అంది.

అంతే. నా మూడు రోజుల కుట్ర సిద్ధాంతం ఎండలో ఆరిపోయింది. ఇంతలో ఆవిడే అంది: "మీరు మమ్మల్ని కూడా మీరు అంటారంటగా. మా పేటలో చెప్పుకుంటన్నారు, ఈయన మీరు అన్నాడంటే ఏదో పట్టుకుపోతాడని."

నేను పెద్దగా నవ్వాను. అందర్నీ 'మీరు' అని పిలవడం మా ఉద్యమంలో మొదటి సూత్రం. ప్రజలు ఎంత అమాయకులో అనుకున్నాను. ఏం పట్టుకుపోతానో అప్పటికి నాకు తెలియదు.

ప్లాంటు ప్రారంభానికి జీపులో ఒక ఆఫీసరుగారు వచ్చారు. డ్రమ్ము అప్పటికే జానెడు లేచి ఉంది. ఆసామి భార్య కొత్త పొయ్యి తిప్పి అగ్గిపుల్ల గీసింది. నీలం రంగు మంట వచ్చింది. ఆవిడ ఆ మంట ముందు నిలబడి కాఫీ కాచింది. చుట్టాలూ పక్కాలూ మంట వైపు చూశారు. నేను ఆవిడ వైపు చూశాను. పొయ్యి ముందు కళ్ళు తెరుచుకుని నిలబడి ఉంది. కొంగుతో తుడుచుకోవడం లేదు, మొహం పక్కకి తిప్పుకోవడం లేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడకి అది మొదటిసారి అయ్యుంటుంది. ఆ కాఫీ గురించి నేను అన్న మాటల్లో ఒక్కటి కూడా ఇప్పటికీ వెనక్కి తీసుకోను. పొగ పోవాల్సిందే. మీరు నా కథ చివరిదాకా విని, పాత పొయ్యే మంచిదని తీర్మానం చేసుకుంటే మీకూ నాకూ మాటల్లేవు.

ఇక్కడ మీకు ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. కొట్టం ఊడ్చే మనిషికి డబ్బు ఇవ్వడం లేదు. ఊడ్చిన పేడలో ఒక గంప ఆసామి పెంటకుప్పకి, ఒక గంప ఊడ్చిన ఆవిడకి. వాళ్ళ అమ్మ కాలం నుంచీ అంతే. తన గంపలో పేడతో ఆవిడ పిడకలు కొట్టేది. వాటిని నూజివీడు టీ కొట్లవాళ్ళు కొనేవాళ్ళు, దోమలకి పొగ పెట్టుకోడానికి తోట కాపలావాళ్ళు కొనేవాళ్ళు, పాలు కాచే దాలి కోసం పెద్దిళ్ళ వాళ్ళు కొనేవాళ్ళు. ఆ రెండో గంపతోనే ఆవిడ ఇల్లు గడిచేది. కానీ దాన్ని కూలి అని ఎవరూ ఏనాడూ అనలేదు. అనకపోవడం వల్ల అది కూలి అని ఎవరికీ తెలియదు. ఆసామి లెక్కలో ఆవిడ ఊరికే ఊడుస్తోంది, ఊరికే పేడ పట్టుకుపోతోంది.

ప్లాంటు వచ్చాక గొయ్యికి రెండు గంపలూ కావలసివచ్చాయి.

ఆ ఆదివారం సాయంత్రం కొట్టం ముందు విజయసభ పెట్టాను. ఆసామి కుర్చీలో కూర్చున్నాడు. పూజారిగారు ఫారం నింపి మరీ తెచ్చారు. పేట నుంచి ఆడవాళ్ళు కూడా వచ్చి గోడ వారగా నిలబడ్డారు. నేను మళ్ళీ కొత్తగా గీసిన నా వలయాన్ని బెత్తంతో చూపిస్తూ, ఇందులో ఎక్కడా ఎవరికీ నష్టం లేదని రుజువు చేశాను. చివర్న ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను. ఎవరు చెప్పినా నమ్మకండి, నేను చెప్పినా నమ్మకండి, లేచి అడగండి అని. ఈ మాట అన్నాక ఎవరూ లేచి అడగరు. మజ్జిగ వస్తుంది. పదేళ్ళుగా అదే ఆనవాయితీ.

ఆరోజు ఆవిడ గోడ దగ్గరనుంచి కదిలి ముందుకొచ్చింది.

"మాస్టారండీ, ఆ బొమ్మలో ఆవుంది. గొయ్యుంది. అమ్మగారి పొయ్యుంది, మామిడిచెట్టుంది. ఆవు కింద నుంచి గొయ్యి దాకా పేడ దానంతటదే నడిచెళ్తందా అండీ?"

సభ గొల్లుమంది. నేనూ నవ్వి, మీరు మోసుకెళతారు కదా అన్నాను.

"మరి నన్నెందుకు వెయ్యలేదు?"

గోడ మీద చోటు చాలలేదన్నాను. నా జీవితంలో నేను చేసిన వాదనలన్నిటిలోనూ బలహీనమైనది అదే. ఆవిడ బొమ్మ వదిలేసి ఆసామి వైపు తిరిగింది. మొన్నటిదాకా ఒక గంప మీకు, ఒక గంప నాకు, ఇప్పుడు రెండూ గొయ్యిలోకి పోతున్నాయి, మరి నా గంప సంగతేంటని అడిగింది.

ఆసామి చెడ్డవాడేం కాదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీ పని తీసేశామా ఏంటి? రేపూ రా. శుభ్రంగా ఊడువు. ఎవరొద్దన్నారు?"

"ఊడిస్తే ఏమిస్తారండీ?"

"ఇన్నాళ్ళూ ఏమిచ్చాం?"

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చేసింది. ఆయన మొహం చూశాను. ఇన్నాళ్ళూ ఇచ్చిందేమిటో ఆయనకి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. గుర్తొచ్చాక ఏం చెయ్యాలో తోచక నా వైపు చూశాడు. సభ అంతా నా వైపే చూసింది. ప్రశ్నలడగమన్నవాణ్ణి నేనే కదా.

సంస్కర్తలకి ఇలాంటి చోట ఒక సిద్ధమైన జవాబు ఉంటుంది. ఎక్కడ ఏ ఆడదాని పని పోయినా పనికొచ్చే జవాబు. నేను గొంతు సవరించుకుని, మీకు కుట్టుమిషను ఇప్పించే ఏర్పాటు చేస్తానన్నాను.

ఆవిడ తన కళ్ళు రెండూ వేలితో చూపించింది. "పొగలో ఉడికిన కళ్ళండీ ఇవి. సూదిలో దారం ఎక్కించడానికి ఇంకో మనిషిని పెట్టాలి మీరు. పేడంటారా, చూడకుండా చెప్తా, ఆవుదో గేదెదో, నిన్నటిదో ఇయ్యాల్టిదో. అది పక్కన పెట్టి కుట్టుమిషనంటారేంటండీ?"

మజ్జిగ వచ్చింది. నేను తాగలేదు.

మర్నాడు కొట్టం గుమ్మంలో గంప బోర్లించి ఉంది. ఆవిడ రాలేదు. ఇంకొకరిని పిలవబోతే పేటలో ఏ ఆడమనిషీ రానంది. ఆసామి కంగారుపడలేదు. ఎందుకంటే ఆయన దగ్గర సర్టిఫికెట్ ఉంది. ప్లాంటు నడపడం నేర్పడానికి ప్రభుత్వం బెజవాడలో శిక్షణ పెడితే ఆయన బావమరిదిని పంపించాడు. బావమరిది అక్కడ మూడు రోజులు టిఫిన్లు తిని, ఒక సంచీ, ఒక నోటుపుస్తకం, ఒక సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు. పేడా నీళ్ళూ సమపాళ్ళు అని నోటుపుస్తకంలో అందంగా రాసుకున్నాడు. ఆయనకి తెలియనిది ఒక్కటే, పేడని ముట్టుకోవడం. పొడుగు కర్ర పారతో దూరం నుంచే ఎత్తి తొట్టిలో వేసి, ముక్కు మూసుకుని తిప్పేవాడు. గడ్డి, మట్టి, మామిడాకులు, ఒకసారి తన చెప్పు కూడా అందులో కలిసిపోయాయి.

డ్రమ్ము మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

సైన్సు పరువు నా చేతిలో ఉందనిపించింది. బడి అయ్యాక ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నేనే తొట్టిలోకి దిగాను. దిగానని చెప్పడం మర్యాద కోసం, నిజానికి జారాను. లేచేసరికి మోకాళ్ళ దాకా ఉండాల్సింది మెడ దాకా ఉంది. అటుగా వెళుతున్న పూజారిగారు ఆగి, కొట్టం అరుగు మీంచి నన్ను ఒక నిమిషం చూసి, తన ఫారం ఏమైందని అడిగారు. ఆ స్థితిలో ఉన్నవాణ్ణి ఇంకెవరైనా అయితే ముందు చెయ్యి ఇచ్చి లేపేవారు. లేపితే మళ్ళీ స్నానం చెయ్యాలి కదా.

నేను కలిపాక డ్రమ్ము ఇంకా తొందరగా దిగింది.

ఇంట్లో ఇంకో గొడవ మొదలైంది. దాలి అంటే పిడకల సెగ మీద పాలకుండని పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఉంచే గుంట. అలా కాగిన పాలకి ఎర్రటి మీగడ కడుతుంది. ఆసామికి ఆ మీగడ పెరుగు లేకపోతే అన్నం దిగదు. గ్యాసు వచ్చాక దాలి మూసేశారు. ఆయన పది రోజులు తెల్ల పెరుగు తిని, ఓర్చుకోలేక పాలేరుని ఆవిడ ఇంటికి పంపించాడు, నాలుగు తట్టల పిడకలు కొనుక్కురమ్మని. పాలేరు ఉత్త తట్టలతో తిరిగొచ్చి, ఆవిడ చెప్పిన మాట అందరి ముందూ అప్పజెప్పాడు. పిడకలన్నీ అయ్యగారి గొయ్యిలోనే ఉన్నాయంట, తీసుకోమంది.

డ్రమ్ము అడుగంటిన రోజున ఆసామి భార్యని మళ్ళీ కట్టెల పొయ్యి వెలిగించమన్నారు. ఆవిడ వంటింట్లోంచి ఒక కుర్చీ తెచ్చుకుని వసారాలో వేసుకుని కూర్చుంది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను, తొట్టిలో పడిన రోజు అక్కడ వదిలిన నా ప్యాంటు ఉతికించారేమోనని కనుక్కోడానికి వెళ్ళి.

"నేనింక పొగలోకి వెళ్ళనండీ" అంది ఆవిడ భర్తతో, గొంతు పెంచకుండా. "ఆవిణ్ణి పిలిచి ఏం కావాలో అడుగుతారో, మూడు పూటలా నూజివీడు నుంచి క్యారియరు తెప్పిస్తారో మీ ఇష్టం. నాకు మటుకు ఇడ్లీ చెప్పండి."

ఆసామి, నేను, వెనకాల బావమరిది పేటకి నడిచాం. ఆవిడ ఇంటి ముందు మంచం వాల్చింది, ఆసామి కూర్చోలేదు. నేను కూర్చున్నాను, ఉద్యమం ప్రకారం. ఆవిడ ముందుగానే ఆలోచించి పెట్టుకున్నట్టుంది. కొట్టం ఊడ్చినందుకు కూలి వేరే, గొయ్యి నడిపినందుకు కూలి వేరే అంది. గొయ్యిలోంచి బయటికొచ్చే మడ్డిలో పాత లెక్కే, ఒక గంప ఆయనకి, ఒక గంప తనకి. ఎండబెట్టిన మడ్డిని మామిడి అంట్లు కట్టేవాళ్ళు కొంటారని ఆవిడ అప్పటికే వాకబు చేసింది. నేనూ ఆఫీసరుగారూ కలిసి ఆలోచించని సంగతి అది. ఇంకా, ఈసారి బెజవాడ శిక్షణకి తన పేరు రాయించాలంది.

ఆసామి కాసేపు మడ్డి దగ్గర బేరమాడాడు. ఆవిడ మంచం కోడు మీద చెయ్యి ఆనించి, "అమ్మగారు ఇడ్లీ తిన్నారా అండీ?" అని అడిగింది. కబురు మాకంటే ముందే పేటకి చేరింది. ఆయన ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆవిడ వచ్చి తొట్టిలో చెయ్యి పెట్టి చూసింది. ముందర కలిపిందెవరని అడిగింది. బావమరిది ఆకాశం వైపు చూశాడు. నేనూ అటే చూశాను. "ఇందులో గడ్డి ఏరితే ఒక దూడ పెరుగుద్ది" అంది ఆవిడ. గడ్డి, రాళ్ళు ఏరింది. నలుగురిచేత డ్రమ్ముని అటూ ఇటూ తిప్పించి, లోపల గట్టిపడిన మీగడలాంటి తెట్టు పగలగొట్టించింది. తాజా పేడని ముద్ద లేకుండా పిసికి, జారుగా కలిపి పోసింది. పన్నెండో రోజున డ్రమ్ము కదిలింది. అది లేవడం చూసి ఆసామి భార్య వసారాలోంచి కుర్చీ తీసి లోపల పెట్టేసింది.

ఇంతటితో ఆపితే నా కథలో నేను కాస్త మంచివాడిగా మిగిలేవాణ్ణి.

శిక్షణ ఫారం పట్టుకుని ఆవిడా నేనూ సబ్సిడీ ఆఫీసుకి వెళ్ళాం. అక్కడాయన ఫారం చూసి, శిక్షణ లబ్ధిదారులకేనన్నాడు. లబ్ధిదారు అంటే పశువులు, ప్లాంటు ఎవరి పేరున ఉంటే వారు, లేదా వారి కుటుంబంలోని మగవారు. ఆవిడకి ఒక కోడి ఉందని నేను వాదించాను. పనిచెయ్యలేదు. ఆవిడ మాత్రం బయటికి వస్తూ గుమ్మంలో ఆగి, "పేడ పిసికేది నేను, లబ్ధిదారు ఆయనా అండీ?" అని అడిగింది. ఆయన ఆ ప్రశ్న రాసి ఇవ్వమన్నాడు. నేను రాసిచ్చాను. పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. బావమరిది రెండోసారి కూడా శిక్షణకి వెళ్ళొచ్చాడు. ఆ రెండో సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించలేదు.

ఆవిడ పని మాత్రం ఆగలేదు. ముసునూరు వైపు ఎక్కడ డ్రమ్ము దిగినా ఆవిడకి కబురొచ్చేది. చిన్న డబ్బాలో సబ్బుబిళ్ళ పెట్టుకుని బస్సెక్కి వెళ్ళేది. గ్యాసు ఆగిన ఇంట్లో ఎవరూ సర్టిఫికెట్ అడగరు. తన కూలి ఎంతో ముందే చెప్పి, అప్పుడు చెయ్యి పెట్టేది.

మరుసటేడు మా ఊళ్ళో ఇంకో మూడు కొట్టాల్లో ప్లాంట్లు వచ్చాయి. ఆ మూడు కొట్టాల్లోనూ ఊడ్చే ఆడవాళ్ళున్నారు, రెండో గంప ఉంది. ఆ ఇళ్ళల్లో కుర్చీ వేసుకుని కూర్చున్న అమ్మగారు లేరు. గంపలు గొయ్యిలోకి పోయాయి. ఇద్దరు కూలి లేకుండానే కొన్నాళ్ళు ఊడ్చి మానేశారు. ఒకావిడ ఇటుక బట్టీకి వెళ్ళిపోయింది, పొగ లేని వంట గురించి నా ఉపన్యాసం విన్న ఆవిడే. ఆ మూడు ప్లాంట్లకీ ప్రారంభోపన్యాసం నాదే. అప్పటికి నేను నేర్చుకున్నది ఏమీ లేదనకండి. గోడ మీద వలయంలో గంప ఎత్తుకున్న ఆడమనిషిని కూడా వేశాను, రంగు చీరతో. బొమ్మలో చేర్చాను, బేరంలో చేర్చలేదు.

మొన్న ఒక కుర్రాడు నాకు రంగుల కాగితం ఒకటి తెచ్చిచ్చాడు. మా వైపు మామిడి తోటలు కొన్ని కొట్టేసి, ఆ నేలలో సోలార్ పలకలు పరుస్తారట. మంచి పనే, సూర్యుడితో నాకు తగాదా లేదు. కాగితం మీద ఒక వలయం ఉంది. సూర్యుడు, పలక, తీగె, బల్బు, నవ్వుతున్న రైతు. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు వెతికాను. కోతలప్పుడు కాయలు ఏరి, గ్రేడు చేసి, బుట్టలు సర్దే ఆడవాళ్ళు అందులో ఎక్కడా లేరు. పలకలు తుడిచే శిక్షణ ఎవరికిస్తారని అడిగితే, భూమి ఉన్నవాళ్ళ పిల్లలకి అన్నాడు. నలభై ఏళ్ళ కిందటి ఆవిడ ప్రశ్న ఇంకా పరిశీలనలోనే ఉందన్నమాట.

మీ ఊళ్ళో కూడా రేపో మాపో ఇలాంటి సభ పెడతారు. వెళ్ళండి. మజ్జిగ వచ్చేదాకా ఆగకండి, ముందే లేవండి. ఆ వలయంలో మోసేదెవరు, ఇప్పుడు వాళ్ళకి ఏది కూలిగా అందుతోంది, రేపటి నుంచి ఏది అందుతుంది, కొత్త పనికి శిక్షణ ఎవరి పేరున ఇస్తారు అని అడగండి. జవాబు నోటితో చెబితే ఒప్పుకోకండి, కాగితం మీద రాయించి, ఆ ఆడవాళ్ళకే చదివి వినిపించండి. కుట్టుమిషను అన్నవాణ్ణి కూర్చోబెట్టండి. సభ పెట్టేది మీరే అయితే మీ పని ఇంకా ముందు మొదలవుతుంది. తెల్లవారగానే గోడ దగ్గరికి వెళ్ళండి, దాని మీద పిడకలు ఎవరివో కనుక్కోండి, కనుక్కునేదాకా ఆ సున్నం బక్కెట్టు కిందే ఉంచండి.